ముందు పట్టా, ఆనక చదువు

తవుడుపాడు మొత్తానికి తెలివి అంటూ ఎక్కడైనా ఉంటే అది సత్తిబాబు ఇంట్లోనే ఉందని ఊళ్ళో ఒక మాట ఉండేది. ఆ మాట అనేది సత్తిబాబు ఇంటివాళ్ళే. ఇంకెవరూ అనకపోయినా వాళ్ళు ఏమీ అనుకునేవారు కాదు. పాపం, మిగతావాళ్ళకి ఆ మాట అనేంత తెలివి లేదని జాలిపడి ఊరుకునేవారు.

సత్తిబాబుది టెంట్ హౌస్. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిస్తాడు. కొట్టు బోర్డు మీద "ఇచ్చట కుర్చీలు అద్దెకు, సలహాలు ఉచితముగా ఇవ్వబడును" అని రాయించాడు. ఆయన భార్య మాణిక్యం ఏ పని చేసినా ఆలోచించి చేస్తుంది. అన్నం వార్చాలా వద్దా అని ఆవిడ ఆలోచిస్తూ ఉండగానే రోజూ అన్నం ముద్దయిపోతుంది. ఆవిడ తమ్ముడు నూకరాజు బావగారి దగ్గరే ఉండి టెంట్లు కడతాడు. ఎవరేం చెప్పినా తు.చ. తప్పకుండా చేసెయ్యడం ఆ ఇంటి గొప్పతనం. ఒకసారి పెళ్ళివారు "మండపం నిండా కుర్చీలు వేసెయ్యండి" అన్నారు. అంతే! నేల కనపడకుండా వేసేశారు. పెళ్ళికొడుకుని కుర్చీల మీదుగా చేతులు మార్చుకుంటూ పీటల దాకా పంపించాల్సొచ్చింది.

ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు లోవకుమారి. అందరూ లోవ అంటారు. పదో తరగతి మంచి మార్కులతోనే పాసయింది. ఆ పిల్లకి ఒకే ఒక్క కోరిక ఉంది. పశువుల డాక్టరు అవ్వాలి. కిందటేడు పక్కింటి ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే డాక్టరు ఊర్మిళ గారు స్కూటరు మీద వచ్చి, మోకాళ్ళ దాకా బూట్లేసుకుని, చెయ్యి పెట్టి దూడని బయటికి లాగారు. అంతసేపూ ఆవు తోక పట్టుకుని నిలబడింది లోవ. దూడ కళ్ళు తెరిచి చూసేసరికి లోవకి ఏడుపొచ్చేసింది. తోక పట్టుకున్న ఆ చెయ్యి మర్నాటి దాకా కడుక్కోలేదు. పశువుల డాక్టరు అవ్వాలంటే ఇంటర్‌లో మొక్కలూ జంతువులూ ఉండే బైపీసీ తీసుకోవాలని అప్పుడే ఊర్మిళ గారిని అడిగి తెలుసుకుంది.

అయితే ఇంట్లో చెప్పాలి కదా! చెప్పింది. ఎవరూ వినలేదు. ఎందుకు వింటారు? మార్కుల కాగితం ఇచ్చేటప్పుడు హెడ్మాస్టరు గారు "నలుగురినీ అడిగి, పిల్ల ఇష్టం చూసి, అప్పుడు గ్రూపు తీసుకోండి" అన్నారు. పద్ధతి ప్రకారం నలుగురినీ ముందు అడగాలి. పిల్ల తర్వాత వస్తుంది.

"పదండి, నలుగురినీ అడిగేద్దాం" అని సత్తిబాబు చొక్కా తొడుక్కున్నాడు. ఇంటిల్లిపాదీ బయల్దేరారు.

మొదట సైకిల్ షాపతన్ని అడిగారు. "ఎంపీసీయే తీసుకోవాలండి. మావాడు అదే తీసుకున్నాడు, ఇంజినీరింగు పాసయ్యాడు. అదిగో, లోపల పంక్చర్ ఏస్తున్నాడు చూడండి. చదువుకున్నోడు ఏసిన పంక్చర్ అందమే వేరండి" అన్నాడతను. తర్వాత బస్టాపులో కరపత్రాలు పంచుతున్న టైకట్టు కుర్రాణ్ణి అడిగారు. "ఏ గ్రూపైనా ఒకటేనండి. మా కాలేజీలో చేర్చండి చాలు. మీ అమ్మాయి ఫొటో లారీ అంత బోర్డు మీద వేస్తాం" అన్నాడు. మూడోది అరుగు మీద కూర్చున్న ముసలమ్మ. "గ్రూపెందుకే, పెళ్ళి చేసి పారెయ్" అంది. నాలుగో మనిషి ఎవరా అని చూస్తుంటే, సంచీ పట్టుకుని ఎవరో పొరుగూరాయన ఎదురొచ్చి "బస్టాండుకి ఎటెళ్ళాలండి?" అన్నాడు.

"అది తర్వాత. ముందు మా పిల్ల ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పండి" అని దారికి అడ్డం నిలబడ్డాడు నూకరాజు.

"నాకేం తెలుసు బాబూ!" అన్నాడాయన.

"నాలుగో ఆయన తనకి తెలీదన్నాడు బావా. ఇదీ జవాబే. నలుగురూ అయిపోయారు" అన్నాడు నూకరాజు.

సరిగ్గా అప్పుడే డాక్టరు ఊర్మిళ గారు స్కూటరు ఆపి, "ఏమ్మా లోవా, ఏ గ్రూపు తీసుకుంటున్నావ్? నేనేమైనా చెప్పనా?" అన్నారు. లోవ మొహం ఇంతయింది. నోరు తెరిచింది. తెరిచిందే గాని సత్తిబాబు చెయ్యి అడ్డం పెట్టేశాడు.

"ఏమనుకోకండి డాక్టరమ్మా. మిమ్మల్ని అడిగితే ఐదుగురవుతారు. హెడ్మాస్టరు గారు నలుగురన్నారండి."

ఆవిడ నవ్వి వెళ్ళిపోయారు. స్కూటరు మలుపు తిరిగేదాకా లోవ అటే చూస్తూ నిలబడింది. ఆవిణ్ణి సైకిల్ షాపు కంటే ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. నలుగురికంటే ఎక్కువమందిని అడగొచ్చు కదా అని మాత్రం ఆ పిల్లకీ తోచలేదు. ఎంతైనా ఆ ఇంటి పిల్లే కదా!

ఇంటికొచ్చాక నూకరాజు నలుగురి మాటలూ కలిపి సగటు తీశాడు. "లెక్కలు చదివి, బోర్డు మీద ఫొటో వేయించుకుని, పెళ్ళి చేసుకుని, ఆనక ఏమీ తెలీకుండా ఉండాలి. అదీ తేలింది బావా."

"బాగానే తేలింది గాని, ఇంకా పిల్ల ఇష్టం చూడ్డం మిగిలింది కదరా" అంది మాణిక్యం.

"నాకు పశువుల డాక్టరంటే ఇష్టం అమ్మా" అంది లోవ.

"నువ్వు నోటితో చెప్పింది లెక్కలోకి రాదమ్మా. ఇష్టం చూడ్డానికి ఓ పద్ధతుంది. అన్నప్రాసన నాడు పుస్తకం, కత్తి, బంగారం ముందు పెడితే పాక్కుంటూ వెళ్ళి దేన్ని పట్టుకుంటే అదే ఇష్టం. నువ్వప్పుడు పాయసం గిన్నె పట్టుకున్నావు. మళ్ళీ చూడాలి" అంది మాణిక్యం.

ఇంకేముంది! హాల్లో జంపఖానా పరిచారు. ఎంపీసీకి వడ్రంగి కొలబద్ద పెట్టారు. వ్యాపారం చదువులుండే సీఈసీకి తక్కెడ పెట్టారు. బైపీసీకి మొక్కల కింద ఓ వంకాయ, జంతువుల కింద బతికున్న కోడిపెట్ట పెట్టారు. లోవని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి "పాకమ్మా" అన్నారు.

పదిహేనేళ్ళ పిల్ల పాకింది. సిగ్గేమీ పడలేదు. కోడిని పట్టుకుంటే బైపీసీ వచ్చేస్తుంది, అంతే కదా అనుకుంది. కొలబద్ద వైపు చూడనైనా చూడలేదు, తక్కెడని మోచేత్తో పక్కకి నెట్టింది. ఎంత ఆశగా కోడి మీదికి వెళ్ళిందంటే, కోడికి భయమేసింది. ఒక్క అరుపు అరిచి వీధిలోకి ఎగిరింది.

"లేచి పరిగెత్తనా నాన్నా?" అని అరిచింది లోవ.

"లేస్తే అన్నప్రాసన చెల్లదు, పాకు!" అని అరిచాడు సత్తిబాబు.

అంతే! వీధి వెంట కోడి, కోడి వెనక నాలుగు కాళ్ళ మీద లోవ, లోవ వెనక అమ్మా నాన్నా మేనమామా. కోడి మురిక్కాలవ దూకింది, లోవ కాలవలోంచే పాకింది. కోడి వెళ్ళి వెళ్ళి వీధి చివర కిరాణా కొట్టులో దూరి గల్లాపెట్టె మీదికెక్కి కూర్చుంది. ఒళ్ళంతా బురదతో లోవ బల్ల కిందనుంచి మోకాళ్ళ మీదే పైకి సాగి చెయ్యి వేసింది. కోడి ఎగిరిపోయింది. చెయ్యి గల్లాపెట్టె మీద పడింది.

"దొంగ! దొంగ!" అని కొట్టువాడు.

"సీఈసీ! సీఈసీ!" అని మేనమామ.

"నేను పట్టుకోబోయింది కోడిని!" అని లోవ కాలు నేలకేసి కొట్టింది. పట్టుకోబోయింది కోడే, పట్టుకున్నది మాత్రం గల్లాపెట్టె అన్నాడు సత్తిబాబు. కొట్టు ముందే పెద్ద తగువైంది. చివరికి కొట్టువాడే చేతులు జోడించి, "అయ్యా, గవర్నమెంటు జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ వరాహమూర్తి గారు మంచాయన. ఆయన్నే అడగండి. దయచేసి ముందు నా కొట్టులోంచి ఎళ్ళండి" అన్నాడు.

వరాహమూర్తి గారు నిజంగానే మంచాయన. బురద పిల్లకి కుర్చీ వేసి, అందరి మాటా ఓపిగ్గా విన్నారు.

"అమ్మాయ్, నీకేం కావాలి?" అని అడిగారు.

ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. లోవ కుర్చీ అంచుకి జరిగింది. "బైపీసీ సార్. పశువుల డాక్టరు అవుతాను సార్" అంది.

"ఇంకేం మరి! నీ అదృష్టం, బైపీసీలో ఒక్క సీటు మిగిలింది. రేపు సాయంత్రం ఐదింటితో అడ్మిషన్లు ఆఖరు. సత్తిబాబు గారూ, మీరిక్కడ సంతకం పెడితే అయిపోతుంది."

సత్తిబాబు పెన్ను అందుకుని మళ్ళీ కింద పెట్టేశాడు. "అలా ఎలా అండి? ఆలోచించకుండా సంతకం పెట్టే రకం కాదండి మేము. అసలు గ్రూపు ఎలా ఎంచుకోవాలో, పద్ధతేంటో చెప్పండి."

ఆయన అక్కడితో ఊరుకుంటే ఈ కథ అక్కడే అయిపోయేది. కానీ ఎంతైనా మేస్టారు కదా, అడిగితే చెప్పకుండా ఉండలేరు. "ఏ చదువైనా చివరి నుంచి ఆలోచించాలండి. మీ అమ్మాయి డిగ్రీ పట్టా పుచ్చుకునే రోజు ముందు కళ్ళారా చూడండి. ఆ రోజు దగ్గర్నుంచి ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ ఈ రోజుకి రండి. మధ్యలో కంగారుపడి ముందుకి గెంతొద్దు. అలా వస్తే ఏ గ్రూపు కావాలో మీకే తెలిసిపోతుంది" అన్నారు.

సత్తిబాబు మొహం వెలిగిపోయింది. "ఆయ్, అర్థమైపోయిందండి! ఇది మా టెంట్ హౌస్ పద్ధతేనండి. ముందు ఫంక్షన్ ఎప్పుడో తెలియాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుని కుర్చీలు, గుండిగలు, కర్రలు. రేపే చేసేస్తాం."

"ఏం చేస్తారు?" అన్నారు వరాహమూర్తి గారు. అప్పటికే వాళ్ళు గేటు దాటేశారు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు లోవ డిగ్రీ పట్టా పండగ మొదలైంది. పట్టా పుచ్చుకునే రోజు కళ్ళారా చూడాలన్నారు కదా! షామియానా లేకుండా ఎలా చూస్తారు? ఉన్న ఒక్క పెద్ద షామియానా పక్కవీధిలో ఎవరిదో గృహప్రవేశానికి అద్దెకిచ్చేశారు. ఇచ్చేస్తే ఏం, తెచ్చేసుకుంటే సరి! బావా బావమరిదీ వెళ్ళి, బంతిలో భోంచేస్తున్న వాళ్ళ నెత్తి మీంచి షామియానా, కిందనుంచి కుర్చీలు, ముందునుంచి బల్లలు లాగేశారు.

"ఇదేం అన్యాయమయ్యా!" అని ఇంటాయన లబోదిబోమన్నాడు.

"మీ ఇల్లు ఎక్కడికీ పోదు కదండి, రేపైనా ప్రవేశించొచ్చు. మా పిల్ల డిగ్రీ ఇవాళేనండి" అన్నాడు నూకరాజు.

చుట్టాలేం చేస్తారు పాపం? ఎండలో నిలబడలేక, విస్తళ్ళు చేతుల్లో పట్టుకుని, తమ కుర్చీల వెనకే నడుచుకుంటూ వచ్చేశారు. దాంతో పట్టా పండక్కి జనం కూడా కుదిరారు.

నూకరాజు ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. దాని మీద సత్తిబాబు ఫొటో తలుపంత, నూకరాజు ఫొటో కిటికీ అంత, లోవ ఫొటో తపాలా బిళ్ళంత ఉన్నాయి. కింద "డిగ్రీ పట్టా సాధించిన మా లోవకుమారికి అభినందనలు" అని రాసి ఉంది. ఏ డిగ్రీ అని ఫ్లెక్సీ షాపువాడు అడిగితే, అది వెనక్కి వచ్చాక తెలుస్తుందన్నాడట నూకరాజు. వాడు అక్కడ చుక్కలు పెట్టి ఊరుకున్నాడు.

లోవకి గొడుగు గుడ్డలు విప్పి కుట్టిన నల్ల గౌను తొడిగారు. టోపీ కావాలి. స్టీలు గిన్నె బోర్లించి, దాని మీద పీట కట్టి, పీట మూలనుంచి మాణిక్యం తన జడకుచ్చు వేలాడదీసింది. ఆ బరువుకి పిల్ల మెడ ఓ పక్కకి ఒరిగిపోయింది. ముఖ్య అతిథి నూకరాజే. పాత క్యాలెండరు చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, చేతికిచ్చి, మైకు పట్టుకున్నాడు.

"మా లోవ రాత్రనక పగలనక కష్టపడి చదివింది. అంటే చదవబోతుంది. ఏం చదవబోతుందో ఇంకా తెలీదు గాని, అందులో ఫస్టు వచ్చేసింది! చిన్నప్పట్నుంచీ నేను చెప్పిన సలహాల వల్లే ఇదంతా జరిగిందని, జరగబోతుందని మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. మాణిక్యం కళ్ళొత్తుకుంది. విస్తళ్ళు పట్టుకున్న చుట్టాల్లో ఓ పెద్దావిడ కూడా కళ్ళొత్తుకుంది. నిజం చెప్పాలంటే లోవకీ సంతోషంగానే ఉంది. ఎవరైనా చప్పట్లు కొడితే బాగానే ఉంటుంది మరి. కానీ పీట కిందనుంచి ఇంట్లో గోడ గడియారం చూసేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది. మధ్యాహ్నం దాటిపోయింది. కాలేజీలో ఆ ఒక్క సీటు ఉందో, పోయిందో!

"నాన్నా, ఐదింటికి ఆఖరు. తొందరగా వెనక్కి వెళ్దాం" అని బతిమాలింది.

"పదండి!" అన్నాడు సత్తిబాబు. అందరూ కాలేజీకి వీపు పెట్టి నిలబడ్డారు. ఒక్కో అడుగే వెనక్కి. ముందు గౌనులో లోవ, ఆ వెనక ఇంటివాళ్ళు, భోజనం ఇంకా సగంలో ఉంది కాబట్టి చుట్టాలు, కుర్చీల బాకీ తేలలేదు కాబట్టి గృహప్రవేశం ఇంటాయన. అందరూ వెనక్కి నడుస్తున్నారు. బియ్యం మిల్లు దగ్గర నూకరాజు "డిగ్రీ ఆఖరి ఏడాది దాటాం!" అని అరిచాడు. వాటర్ ట్యాంకు దగ్గర "డిగ్రీలో చేరిన రోజుకొచ్చాం!" అన్నాడు. దారిలో ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నారు. సత్తిబాబు చేపలబుట్టలో కూర్చుండిపోయాడు. దారి పక్క పుల్లట్లు పోసే ఆవిడ పొయ్యి తగిలి ఎవరిదో పంచె అంటుకుంటే, పెనం పక్కనున్న చెంబు నీళ్ళు చల్లి ఆర్పారు. వెనక్కి తిరిగి చూసుకుంటే ముందుకి తిరిగినట్టవుతుందని ఎవరూ చూడరు.

చూడకపోతే ఏమవుతుంది? కాలేజీ గేటు పక్కనుంచి వెళ్ళిపోయింది. అది దాటాక గాని కళ్ళకి కనపడలేదు.

"అదిగో గేటు!" అని అరిచింది లోవ.

అది ఎదురుగానే ఉంది. పది బారలు కూడా లేదు. లోపల మెట్ల మీద వరాహమూర్తి గారు నిలబడి గడియారం చూసుకుంటున్నారు. కానీ ఎలా వెళ్తారు? ముందుకి గెంతొద్దన్నారు కదా!

"ఏం చేస్తాం. ఇలాగే వెనక్కి వెళ్తూ, చేపల బజారు మీదుగా ఊరంతా చుట్టి వస్తే మళ్ళీ గేటు దగ్గరికొస్తాం" అన్నాడు సత్తిబాబు. అందరూ ఇంకో అడుగు వెనక్కి వేశారు. గేటు ఇంకా చిన్నదైపోయింది.

లోవకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమస్తా ఆఫీసు కిటికీలు మూస్తున్నాడు. ఊరు చుట్టి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ దూడ కళ్ళు తెరిచి చూసిన చూపు గుర్తొచ్చింది. తనలాంటి మనిషికి అంత పెద్ద పని ఎప్పుడూ దొరకదేమో అనిపించి, నడిరోడ్డు మీద వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా ఒక ఆలోచన తట్టింది. ఆ ఇంట్లో పుట్టిన వాళ్ళకి మాత్రమే తట్టే ఆలోచన.

"నాన్నా! అందరం గేటుకి వీపు పెట్టి తిరుగుదాం! అప్పుడు వెనక్కి నడిస్తే గేటు దగ్గరికే వెళ్తాం!"

నూకరాజు చప్పట్లు కొట్టాడు. "ఎంత బుర్రే నీది! పట్టా ఊరికే వచ్చిందా మరి!" అంతే! అందరూ గిర్రున తిరిగారు. వెనక్కి, వెనక్కి, వెనక్కి. గేటులోంచి, మెట్ల మీదుగా, గదిలోకి జనం వీపులు దూసుకొచ్చేశాయి. వరాహమూర్తి గారు గోడకి అతుక్కుపోయారు. ఎదురుగా నల్ల గౌను, దాని మీద పీట. అది మనిషో, ఫర్నిచరో ఆయనకి అర్థం కాలేదు.

"సార్, నేనే సార్, లోవని! డిగ్రీ దగ్గర్నుంచి వచ్చాను సార్! బైపీసీ ఉందా సార్?" అంది పీట కిందనుంచి.

ఆయన ఏమీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ముందురోజే చూశారు. రిజిస్టరు తీసి సత్తిబాబు వీపు దగ్గర పట్టుకున్నారు. సత్తిబాబు చెయ్యి వెనక్కి పెట్టి సంతకం గిలికాడు. గుమస్తా రసీదు రాసిచ్చాడు. గడియారం ఐదు కొట్టింది.

"బాబూ, మీరు ఈ రోజుకి వచ్చేశారు. ఇక అందరూ ముందుకి తిరగండి. అమ్మాయికి రేపట్నుంచే క్లాసులు" అన్నారు వరాహమూర్తి గారు. లోవ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. వంగేసరికి పీట ఊడి ఆయన కాలి మీద పడింది. అయినా ఆయన ఆశీర్వదించారు.

ఆ రాత్రి లోవకి నిద్ర పట్టలేదు. తెల్లారగానే తలంటుకుని, రెండు జడలేసుకుని, కొత్త పుస్తకం సంచిలో పెట్టుకుని వాకిట్లోకొచ్చింది. నాన్నా మేనమామా అప్పటికే ఎక్కడికో వెళ్ళి తిరిగొస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ ఓ పెద్ద పని అయిందన్న తృప్తి ఉంది.

"ఎక్కడికెళ్ళారు నాన్నా?"

"కాలేజీకమ్మా. నీ సీటు తిరిగి అప్పజెప్పేసొచ్చాం."

లోవ చేతిలో సంచి జారిపోయింది.

"అదేంటే అలా చూస్తావు? పట్టా పండగ నిన్నే అయిపోయింది కదా. ఫంక్షన్ అయిన మర్నాడు వస్తువు తిరిగివ్వకుండా అట్టేపెట్టుకునే వాళ్ళని ఎన్ని తిట్లు తిడతాం మనం! మనమే అలా చెయ్యొచ్చా? చిన్న చిరుగు లేకుండా రసీదు కూడా ఇచ్చేశాం. గుమస్తా నిద్రమొహంతోనే పేరు కొట్టేశాడు" అన్నాడు సత్తిబాబు.

"నేనింకా చదవలేదు నాన్నా! ఒక్క ముక్క కూడా చదవలేదు!" అని లోవ గుండెలు పగిలేలా అరిచింది. పుట్టాక ఆ పిల్ల నాన్న మీద అరవడం అదే మొదలు. సత్తిబాబు నోరెళ్ళబెట్టాడు. లోవ సంచి తీసుకుని కాలేజీకి పరుగు పెట్టింది.

వరాహమూర్తి గారు ఆఫీసులోనే తల పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా కొట్టేసిన పేరు. లోవ గుమ్మం పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయింది. ఆయన ఆ పిల్లని చూసి, పెన్ను తీసి, లోవకుమారి పేరు మళ్ళీ పెద్ద అక్షరాలతో రాశారు. స్వయంగా బైపీసీ క్లాసుకి తీసుకెళ్ళి, ముందు వరసలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఈ చోటు నీదమ్మా. మీ నాన్నొచ్చినా, మీ మావయ్యొచ్చినా, ఎవరొచ్చి పిలిచినా సరే, నేను చెప్పేదాకా దీని మీంచి లేవకు. తెలిసిందా?"

"ఆయ్. లేవను సార్" అంది లోవ.

లేవలేదు. మొక్కల పాఠం అయింది, జంతువుల పాఠం అయింది, ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. టీచరొస్తే అందరూ లేచారు, లోవ లేవలేదు. భోజనాల బెల్లు కొట్టారు, లేవలేదు. సాయంత్రం ఇంటి బెల్లు కొట్టారు. పిల్లలంతా వెళ్ళిపోయారు. లోవ అక్కడే కూర్చుంది. వరాహమూర్తి గారికి ఏదో మీటింగు ఉండి, ఇంటి బెల్లుకి కాస్త ముందే బస్టాండుకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ లేవమని చెప్పడం మర్చిపోయారు. చెప్పాలని ఎవరికి మాత్రం తడుతుంది?

పిల్ల రాలేదని ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. సత్తిబాబు క్లాసు గుమ్మం దగ్గరే ఆగి, పొద్దుటి తప్పు గుర్తొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఇంటికి రావా?" అన్నాడు.

"రాను నాన్నా. సార్ చెప్పేదాకా బెంచీ మీంచి లేవకూడదు. లేస్తే మళ్ళీ సీటు పోతుంది."

సత్తిబాబు కళ్ళు చెమర్చాయి. "లేవద్దమ్మా. ఈసారి నీ మాటే మాట. నువ్వు లేవనక్కర్లేకుండా మేం చూసుకుంటాం" అన్నాడు.

కుర్చీలూ బల్లలూ మొయ్యడం పుట్టుకతో వచ్చిన విద్య కదా! నూకరాజు ముందు రెండు కాళ్ళూ, సత్తిబాబు వెనక రెండు కాళ్ళూ పట్టుకుని బెంచీని అమాంతం లేపారు. గుమ్మంలో పడితే పక్కకి వంచారు. లోవ రెండు చేతులా పట్టుకుంది గాని లేవలేదు. మాణిక్యం ముందు నడుస్తూ "తప్పుకోండి, తప్పుకోండి, బైపీసీ వస్తోంది" అని దారి చేసింది. బెంచీ ఊరి మధ్యనుంచి ఊరేగింపులా వెళ్ళింది. పైన లోవ పుస్తకం విప్పి, వేరు వ్యవస్థ గురించి పైకే చదువుకుంటోంది. పుట్టాక ఎప్పుడూ అంత హాయిగా లేదు ఆ పిల్లకి. ఇక తన చోటు ఎవరూ లాక్కోలేరు.

బస్టాండు మలుపులో అప్పుడే కదిలిన బస్సు ఎదురొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న వరాహమూర్తి గారు బెంచీని చూశారు. బెంచీ మీద పిల్లని చూశారు. సగం లేచి, కిటికీలోంచి తల బయటపెట్టి, చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నారు. హారన్ మోతలో ఒక్క ముక్కా వినపడలేదు.

లోవకి ఆయన అడిగేది ఒక్కటే అయి ఉంటుందనిపించింది. పుస్తకం గుండెకి హత్తుకుని, బస్సు దాటిపోయేలోగా వినపడాలని గొంతు చించుకుని అరిచింది.

"లేవలేదు సార్! నేను లేవలేదు!"

"మీరు దిగులెట్టుకోకండి మేస్టారూ!" అని కిందనుంచి నూకరాజు అందుకున్నాడు. "డిగ్రీ అయ్యేదాకా దింపం!"